చలిరాత్రి గుర్రానికి కుంపటి కడుపులోనే

పోయిన డిసెంబర్‌లో హన్మకొండ హంటర్ రోడ్డులో ఒక పెళ్ళికి వెళ్ళాను. రాత్రి పదకొండు దాటింది. బారాత్ అయిపోయింది, పెళ్ళికొడుకు దిగి లోపలికి వెళ్ళిపోయాడు, డీజే వాళ్ళు వైర్లు చుట్టుకుంటున్నారు. గేటు పక్కన తెల్లగుర్రం ఒక్కటే నిలబడి ఉంది. మఖ్మల్ బట్ట, అద్దాల జీను, తలమీద కుచ్చు అన్నీ అలాగే ఉన్నాయి. దగ్గరికి వెళ్ళి చూస్తే దాని భుజం మీద, డొక్కల మీద కండ సన్నగా అదురుతోంది.

"చలికి వణుకుతున్నట్టుంది చాచా" అన్నాను.

"చలికి కాదు సారూ, డీజేకు బెదిరింది. జర సేపైతే సల్లబడ్తది" అన్నాడు గుర్రం ఆయన.

మఖ్మల్ బట్ట కింద చెయ్యి పెట్టాను. వెంట్రుకలు తడిసి, పాయలు పాయలుగా ఒంటికి అంటుకుపోయి ఉన్నాయి. చెవి కొస నుంచి మొదలు దాకా చల్లగా ఉంది. చాచా చెప్పింది తప్పేం కాదు, అది బెదిరింది నిజమే. కానీ ఆ బెదురే దాన్ని తడిపింది, ఆ తడే దాన్ని వణికిస్తోంది. ఆ రాత్రి నుంచి ఈ విషయం నా మనసులో మెదులుతూనే ఉంది, అందుకే వివరంగా రాస్తున్నాను.

చలిదేశాల్లో గుర్రాలు మంచులో నిలబడి ఉన్న ఫోటోలు మీరు చూసే ఉంటారు. వీపు మీద మంచు పడి కరగకుండా అలాగే ఉంటుంది. లోపలి వేడి బయటికి రావట్లేదన్నమాట, బొచ్చు అంత బాగా ఆపుతోంది. బాగా తిన్న గుర్రం, నిండుగా శీతాకాలపు బొచ్చు ఉన్నది, సుమారు మైనస్ 8 డిగ్రీల దాకా ప్రత్యేకంగా ఒళ్ళు వేడి చేసుకోవాల్సిన పనే ఉండదు. ఎండాకాలపు పలచటి బొచ్చు ఉన్న గుర్రానికి ఆ హద్దు సుమారు 5 డిగ్రీలు. అంతకంటే చల్లబడితేనే వేడి పుట్టించుకోవడానికి అదనంగా శక్తి ఖర్చు పెట్టాలి. మరి మన వరంగల్‌లో మామూలు చలికాలం రాత్రులు 14, 15 డిగ్రీలు ఉంటాయి, చలిగాలులు వీచే రోజుల్లో పది దాకా దిగుతాయి. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ ఏజెన్సీ ఊళ్ళల్లో అయితే కొన్నేళ్ళు 5, 6 డిగ్రీలకు పోతుంది. లెక్క ప్రకారం ఏజెన్సీ గుర్రాల సంగతి కాస్త ఆలోచించాలేమో గానీ, హన్మకొండలో గుర్రం వణకనే కూడదు.

కానీ ఆ లెక్క ఒళ్ళు పొడిగా ఉండి, గాలి తగలకుండా, కడుపునిండా మేత ఉన్న గుర్రానిది. ఈ మూడింట్లో ఏ ఒక్కటి తప్పినా హద్దు మారిపోతుంది. మూడూ ఒకేసారి తప్పేది బారాత్ రాత్రే.

ముందు బొచ్చు సంగతి చూద్దాం. గుర్రానికి శీతాకాలపు బొచ్చు రావడానికి మొదటి కారణం చలి కాదు, పగలు తగ్గడం. జూన్ దాటాక పగలు తగ్గే కొద్దీ మెదడులో మెలటోనిన్ అనే హార్మోన్ ఎక్కువసేపు ఊరుతుంది, దాంతో పాత వెంట్రుక రాలి ఒత్తుగా పొడుగ్గా కొత్తది వస్తుంది. యూరప్ ఉత్తరాన ఎండాకాలం పగటికి, చలికాలం పగటికి పది పన్నెండు గంటల తేడా ఉంటుంది. మనకు జూన్‌లో పగలు పదమూడు గంటల పైచిలుకు, డిసెంబర్‌లో పదకొండు. తేడా రెండు గంటలే. పైగా దీపావళి దాకా పగటివేడి తగ్గదు. అందుకే మన దగ్గర గుర్రం బొచ్చు పలచగా, పొట్టిగానే ఉంటుంది. బారాత్ గుర్రాలు చాలావరకు మార్వాడీ, కాఠియావాడీ రకాల సంకరాలు. రాజస్థాన్‌లో మనకంటే గట్టి చలే ఉంటుంది, అక్కడ అవి బాగానే తట్టుకుంటాయి కదా అని అడగొచ్చు. అక్కడ చలి మెల్లగా ముదురుతుంది. ఒళ్ళు చలికి అలవాటు పడడానికి రెండు మూడు వారాలు పడుతుంది. మన దగ్గర నిన్నటిదాకా ఫ్యాన్ వేసుకుని పడుకుని, ఇవాళ పొద్దున స్వెట్టర్ వెతుక్కుంటాం. గుర్రానికీ అంతే, దానికి సిద్ధమయ్యే టైం ఉండదు.

ఉన్న ఆ పొట్టి వెంట్రుకలైనా చలికి నిక్కబొడుచుకుంటాయి. వాటి మధ్య చిక్కుకున్న గాలే అసలైన దుప్పటి. తడిస్తే వెంట్రుకలు అణిగిపోతాయి, గాలి పోయి ఆ జాగాలో నీళ్ళు చేరతాయి. నీళ్ళు గాలి కంటే సుమారు పాతిక రెట్లు వేగంగా వేడిని లాగేస్తాయి. ఆ తడి ఆరడానికి కూడా వేడి కావాలి. ఒక లీటరు నీళ్ళు ఒంటిమీద ఆవిరి కావాలంటే దాదాపు 580 కిలోకేలరీలు ఖర్చు. స్నానం చేయించి తుడవని గుర్రం ఒంటిమీద రెండు లీటర్ల నీళ్ళున్నాయనుకోండి, అవి ఆరేసరికి పదకొండు వందల పైచిలుకు. అందులో కొంత చుట్టూ ఉన్న గాలి ఇస్తుందనుకున్నా, ఎక్కువ భాగం గుర్రం ఒంట్లోంచే పోవాలి. దాదాపు అర కిలో ఎండుగడ్డి తిన్నది వట్టిగా పోయినట్టు.

చెమటది ఇంకో కథ. గుర్రం చెమటలో లాథరిన్ అనే ప్రోటీన్ ఉంటుంది, సబ్బులాగా పనిచేస్తుంది. జీను రాసుకునే చోట, మెడ మీద కళ్ళెం వారు కింద తెల్లగా నురగ వచ్చేది దీనివల్లే. వెంట్రుకకు నీళ్ళు అంటుకోకుండా జిడ్డు ఉంటుంది కదా, ఆ జిడ్డును దాటి చెమట వెంట్రుక కొసదాకా పాకి తొందరగా ఆరడానికి ఈ ఏర్పాటు. ఎండలో పరిగెత్తే జంతువుకు ఇది వరం. డిసెంబర్ రాత్రి అదే దానికి శత్రువు. ఇంకోటి, గుర్రానికి చెమట పట్టాలంటే పరిగెత్తనక్కర్లేదు. బెదిరినప్పుడు ఒంట్లో ఊరే అడ్రినలిన్‌కు దాని చెమట గ్రంథులు స్పందిస్తాయి. చెవి పక్కన డీజే, కాళ్ళ దగ్గర పటాకులు, కళ్ళల్లో లైట్లు, ఆ టెన్షన్ చాలు ఒళ్ళంతా తడవడానికి. రెండు గంటలు అడుగులో అడుగేసి నడిచిన గుర్రం, రేసులో పరిగెత్తినట్టు తడిసి ఉండేది ఇందుకే.

దీనికి తోడు సాయంత్రం స్నానం. చాచాను అదే అడిగాను.

"ఏం జేస్తం సారూ, తెల్లగుర్రం తెల్లగ లేకుంటే పెండ్లోళ్ళు ఊకుంటరా?"

ఆయన ఇబ్బంది నిజమే, డబ్బులిచ్చేది వాళ్ళు. కానీ ఒళ్ళంతా కడగక్కర్లేదు, మరకలున్న చోట తడిబట్టతో తుడిస్తే చాలు. కడగాల్సి వస్తే మధ్యాహ్నం ఎండలో కడిగి, గోనెసంచితో గట్టిగా రుద్ది, బ్రష్ చేసి వెంట్రుకలు లేపి ఉంచితే సాయంత్రానికి పొడిగా ఉంటుంది. బారాత్ అయ్యాక మఖ్మల్ బట్ట వెంటనే తీసెయ్యాలి. తడి మీద బట్ట ఉంటే వెచ్చదనం రాదు, తడి బయటికి పోదు. దీనికి పాతకాలం నుంచి చాలా దేశాల్లో ఉన్న ఉపాయం ఒకటుంది. తడిసిన గుర్రం వీపు మీద ఎండుగడ్డి మందంగా పరిచి, పైన గోనెపట్ట వేసి వదులుగా కడతారు. గడ్డి సందుల్లోంచి ఆవిరి బయటికి పోతుంది, గాలి పొర నిలుస్తుంది, గుర్రం వెచ్చగానే ఆరుతుంది. వడ్లు పండే మన జిల్లాల్లో వరిగడ్డికి కరువేముంది? పూర్తిగా ఆరాక కప్పడానికి మన గొంగడిని మించింది లేదు. దక్కనీ గొర్రెల ముతక ఉన్ని, కొంచెం చెమ్మ తగిలినా వెచ్చదనం పోదు, లోపల గాలి ఆడుతుంది. టార్పాలిన్ మాత్రం వద్దు, లోపల చెమట పట్టి మళ్ళీ మొదటికే వస్తుంది.

ఇప్పుడు కడుపు దగ్గరికి వద్దాం, నాకు ఈ మొత్తంలో అన్నిటికంటే అద్భుతంగా అనిపించేది ఇదే. ఆవు, గేదె గడ్డిని ముందు కడుపులో పులియబెట్టుకుంటాయి. గుర్రం ఆ పని వెనక చేస్తుంది. దాని జీర్ణాశయం చిన్నది, కానీ చిన్నపేగు దాటాక దాదాపు ముప్పై లీటర్లు పట్టే సీకం అనే పెద్ద సంచి, దాని తర్వాత అంతకంటే పెద్ద పేగు ఉంటాయి. అక్కడ కోటానుకోట్ల సూక్ష్మజీవులు గడ్డిలోని పీచును పులియబెడుతుంటాయి. ఆ పని నుంచి గుర్రానికి శక్తి వస్తుంది, దాంతోపాటు వేడి కూడా పుడుతుంది. పేడకుప్పలో చెయ్యి పెడితే ఎంత వెచ్చగా ఉంటుందో తెలుసు కదా, అలాంటి పనే గుర్రం కడుపులో గంటలకొద్దీ నడుస్తుంది. చలిరాత్రి గుర్రానికి అదే కుంపటి. దాణా కంటే గడ్డి ఆ కుంపటిని ఎక్కువసేపు రాజేస్తుంది. అందుకే దుప్పటి గురించి అడిగేవాళ్ళకు నేను ముందు గడ్డి గురించే చెప్తాను.

గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదంటారు. నిజమే, పని చేసే గుర్రానికి ఉలవ గుగ్గిళ్ళు మంచి బలం. కానీ చలి ఎక్కువైందని గుగ్గిళ్ళు, మక్కలు, బియ్యం ఒక్కసారిగా పెంచితే చిన్నపేగు అరిగించుకోలేని పిండిపదార్థం వెనక పేగుల్లోకి పోయి ఆమ్లంగా మారుతుంది. దాంతో కడుపునొప్పి రావచ్చు, గిట్టల లోపల వాపు వచ్చి గుర్రం అడుగు తియ్యలేని పరిస్థితీ రావచ్చు. పెంచాల్సింది ఎండుమేత. గుర్రం బరువులో రోజుకు సుమారు నూటికి రెండు వంతులు మేత కావాలి. బరువు తెలుసుకోవడానికి కాటా అక్కర్లేదు, టేపు చాలు. ముందుకాళ్ళ వెనక ఛాతీ చుట్టుకొలతను సెంటీమీటర్లలో తీసుకుని దాన్ని దానితోనే గుణించండి, భుజం ముందు నుంచి పిర్ర వెనక దాకా ఉన్న పొడవుతో మళ్ళీ గుణించి 11,900తో భాగించండి. చుట్టుకొలత 160, పొడవు 140 అయితే దాదాపు 300 కిలోలు. దానికి రోజుకు ఆరు కిలోల ఎండుమేత, చలిగాలుల రోజుల్లో ఇంకో అర కిలో నుంచి కిలో, అదీ రాత్రి పూట వెయ్యాలి. వట్టి వరిగడ్డిలో బలం తక్కువ, దాంతోపాటు మంచి ఎండుపచ్చిక ఉండాలి. బారాత్‌కు ముందు "పెంట వేస్తది" అని మేత పెట్టకుండా గుర్రాన్ని ఎండగట్టే అలవాటు కొందరికి ఉంది, చలికాలం అది కుంపటిని ఆర్పెయ్యడమే.

ఒక హెచ్చరిక. మేత తక్కువైందని కోళ్ళ దాణా మాత్రం గుర్రానికి పెట్టకండి. అందులో మొనెన్సిన్ అనే మందు కలిపి ఉండొచ్చు. కోళ్ళకు అది మేలు చేస్తుంది, గుర్రానికి మాత్రం కొద్దిపాటి మోతాదులోనే గుండె కండరం దెబ్బతిని ప్రాణం పోతుంది.

బారాత్ అయిన రెండు వారాలకు చాచా నుంచి ఫోన్ వచ్చింది. గుర్రం పడుకుంటోంది, లేస్తోంది, కాలితో నేల గీస్తోంది, మెడ తిప్పి డొక్కవైపు చూసుకుంటోంది. నేను వెళ్ళేసరికి డాక్టర్ వచ్చి ముక్కులోంచి గొట్టం వేసి నీళ్ళు, నూనె పంపిస్తున్నారు. కింద పడిన లద్ది చూశాను, చిన్నగా, నల్లగా, గోళీల్లా గట్టిగా ఉంది. కారణం వెతకడానికి దూరం పోనక్కర్లేదు, సిమెంటు తొట్టి అక్కడే ఉంది. రాత్రంతా చలికి మంచులా అయిన నీళ్ళు. గుర్రం మూతి పెట్టి తీసేస్తోందట. పచ్చగడ్డిలో ముప్పాతిక వంతు నీళ్ళే, ఎండుగడ్డిలో నూటికి పది పదిహేను వంతులే. మేత ఎండుదయ్యేసరికి నీళ్ళు ఎక్కువ కావాలి, చలికి తాగేదేమో తగ్గుతుంది, లోపల మేత పిడచ కట్టి పేగుకు అడ్డం పడుతుంది. గుర్రం కక్కలేదు, జీర్ణాశయం మూతి అంత బిగువుగా ఉంటుంది. అందుకే దానికి కడుపునొప్పి అంటే ప్రాణం మీదికి వచ్చినట్టే. ఆ రోజు సాయంత్రానికి లద్ది వేసింది, బతికింది.

మందు ఆ ఇంట్లోనే ఉంది. బోరు నీళ్ళు. భూమి లోపల వేడి ఏడాదంతా పెద్దగా మారదు, మన దగ్గర బోరు నీళ్ళు చలికాలంలోనూ గోరువెచ్చగానే వస్తాయి, పొద్దున్నే చూస్తే పొగలు కూడా వస్తాయి. రాత్రి నిండిన తొట్టిని పారబోసి పొద్దున్న, సాయంత్రం తాజాగా పట్టి పెట్టడమే. చలిదేశంలో పొట్టిగుర్రాలకు మంచులాంటి నీళ్ళకు బదులు వెచ్చటివి పెట్టి చూస్తే బాగా ఎక్కువ తాగాయి. మేతలో రోజుకు ఒక పెద్ద చెంచా ఉప్పు కలిపితే దాహం కూడా పుడుతుంది.

కొట్టం గురించి కొంచెమే చెప్తాను. చలి అని నాలుగు వైపులా పట్టాలు కట్టేస్తారు. ఉచ్చ నుంచి వచ్చే అమోనియా లోపలే నిలిచిపోతుంది. గుర్రం ముక్కుతోనే గాలి పీల్చగలదు, నోటితో పీల్చలేదు. ఉత్తరం, తూర్పు వైపు గాలికి అడ్డం పెట్టి, పైన వదిలెయ్యండి. లోపల చలిమంట వద్దు. నాలుగు చుక్కలు బ్రాందీ పోస్తే వేడి పుడుతుందని కొందరు అంటారు. మద్యం చర్మం కింద రక్తనాళాలను వెడల్పు చేస్తుంది, లోపలి వేడి ఇంకా తొందరగా బయటికి పోతుంది. ముసలి గుర్రాలకు పళ్ళు అరిగి గడ్డి నమలలేవు, గుర్రప్పిల్లలకు ఒంట్లో కొవ్వు నిల్వ ఉండదు, వీటి మీద ముందు కన్నెయ్యాలి. బొచ్చు పెరిగితే బక్కతనం కంటికి కనపడదు, పక్కటెముకల మీద చేత్తో తడిమి చూడాలి. తుడిచి, గడ్డి వేసి, కప్పినా అరగంట తర్వాత ఇంకా వణుకుతుంటే థర్మామీటర్ పెట్టండి. 37.2 నుంచి 38.3 డిగ్రీల సెల్సియస్ మామూలు. అంతకంటే బాగా ఎక్కువున్నా, తగ్గినా డాక్టర్‌ను పిలవాల్సిందే. వరంగల్ వాళ్ళకు మామునూరులో పశువైద్య కళాశాల ఉంది.

సంక్రాంతికి రెండు రోజుల ముందు పొద్దున్నే చాచా వాళ్ళ గల్లీకి వెళ్ళాను. బోరు మోటారు నడుస్తోంది, బకెట్ మీద ఆవిరి లేస్తోంది. గుర్రం చెవులు వెనక్కి ముందుకి ఆడిస్తూ ఏకబిగిన సగం బకెట్ తాగింది, గుటక గుటకకీ గొంతు కదలడం కనపడుతోంది. వీపంతా దుమ్ము, పిర్ర మీద లద్ది మరక, తెల్లగుర్రం కాస్తా గోధుమరంగుకు వచ్చింది. వెంట్రుకలు మాత్రం ఒత్తుగా, నిక్కపొడుచుకుని, వేళ్ళు పెడితే లోపల వెచ్చగా ఉన్నాయి.

"కడగలేదా చాచా?"

"పుష్యమాసం గద సారూ, పెండ్లిళ్ళు లెవ్వు. మాఘం దాంక కడగ" అన్నాడు, పాదంతో లద్ది ఉండను నొక్కి చూస్తూ.