"ఉన్నట్టుండి పిచ్చెక్కింది" అనకండి: క్యామ్డెన్ 1949

కాల్పుల వార్త వచ్చిన ప్రతిసారీ మానసిక వైద్యుల దగ్గర వినిపించే మాట ఒకటే: "నిన్నటిదాకా బాగానే ఉన్నాడు, ఉన్నట్టుండి పిచ్చెక్కింది." ప్రాణాలు తీసే అపోహ ఇది. ఉన్నట్టుండి వచ్చిపడేదైతే ఇక చేసేదేముంది అని అందరూ చేతులు ముడుచుకుంటారు.

1949 సెప్టెంబర్ 6 ఉదయం. న్యూజెర్సీలో క్యామ్డెన్ నగరం, క్రామర్ హిల్ పేట. చెప్పులు కుట్టే కొట్టు, మంగలి షాపు, దర్జీ కొట్టు, మందుల షాపు దగ్గర దగ్గరగా ఉన్న వీధి. 28 ఏళ్ల హోవర్డ్ అన్‌రూ లూగర్ పిస్టల్ పట్టుకుని బయల్దేరాడు. దాదాపు ఇరవై నిమిషాల్లో 13 మందిని చంపాడు. వాళ్లలో ముగ్గురు పిల్లలు.

ముందురోజు రాత్రి పెరటి గేటు ఎవరో పీక్కుపోయారు, అందుకేనంటారు. గేటు ఒక సాకు. ఇరుగుపొరుగు తన గురించి ఏమనుకుంటున్నారో చాలాకాలంగా పుస్తకంలో రాసుకుంటున్నాడు. పగ తీర్చుకోవాలని గుర్తుగా పొడి అక్షరాలు వేసుకున్నాడు. నేలమాళిగలో గురి సాధన. ఆ పొద్దున కన్నతల్లి మీదికే రెంచి ఎత్తాడు. ఆవిడ భయంతో తెలిసినవాళ్లింటికి పరుగెత్తింది. ఆ తల్లిని తప్పుపట్టకండి, అత్యవసరంగా సాయం పిలిచే 911 నంబరు పుట్టిందే 1968లో.

ఇప్పుడు ఉంది. అమెరికాలోని మనవాళ్లు గుర్తుంచుకోండి: పగ లెక్కలు, ఫలానావాళ్ల అంతు చూస్తాననే మాట, ఇంట్లో తుపాకీ. మూడూ కలిస్తే ఆగొద్దు. అన్న మాట అన్నట్టే, తేదీ వేసి రాయండి. "అదంతా నీ భ్రమ" అని వాదించకండి, "అవును, వాళ్లంతే" అని వంతపాడకండి. ప్రమాదం ఎదురుగా ఉంటే బయటికొచ్చి 911కి, లేదంటే మానసిక సంక్షోభంలో సాయం చేసే 988కి ఫోనో మెసేజో చేయండి. న్యూజెర్సీలో 2019 సెప్టెంబర్ నుంచి కుటుంబ సభ్యులే కోర్టుకెళ్లి ఆ మనిషి ఆయుధాలు తాత్కాలికంగా తీసేయించమని అడగవచ్చు.

బెడిసికొట్టేది ఒక్కచోట. పరువు పోతుందని "కాస్త డల్‌గా ఉంటున్నాడు" అంటారు. ఆ మాటతో ఏ జడ్జీ ఆర్డరు ఇవ్వలేడు. "మంగళవారం రాత్రి పక్కింటాయన పేరెత్తి కాల్చేస్తానన్నాడు, పిస్టల్ మంచం కింద ఉంది" అని చెప్పండి, కదులుతారు.

మిగతా అపోహలు త్వరగా. అమెరికాలో ఇలాంటి మూకుమ్మడి కాల్పుల్లో ఇదే మొదటిది కాదు, 1903లోనే క్యాన్సస్ రాష్ట్రం విన్‌ఫీల్డ్‌లో జరిగింది. అన్‌రూని ఉరితీయలేదు, అసలు విచారణే జరగలేదు. పారనాయిడ్ స్కిజోఫ్రీనియా (లేనిపోని అనుమానాలు, భ్రమలు కలిగించే మానసిక జబ్బు) అని తేల్చి మానసిక ఆసుపత్రిలో ఉంచారు, 2009లో 88వ ఏట పోయాడు.

"మా అబ్బాయికీ ఆ జబ్బే, వాడూ ఇంతేనా?" అని వణికిపోయే అమ్మానాన్నలకు: కాదు. ఆ జబ్బున్నవాళ్లలో అత్యధికులు ఎవరికీ హాని చేయరు. అనుమానాలు మొదలైన తొలి నెలల్లోనే చూపించండి. తేలిగ్గా ఉంది కదా అని డాక్టరుకు చెప్పకుండా మందులు ఆపితే తిరగబెట్టవచ్చు.