కాచినా పోనిది ఫ్లోరైడ్: మన నీళ్ల మీద అపోహలు, వాస్తవాలు

"నీళ్లు కాచే తాగిస్తున్నామండీ, అయినా పిల్లాడి పళ్లకి గార ఎందుకు పడుతోంది?"

నీళ్ల పరీక్షకి సీసా పట్టుకొచ్చేవాళ్లు పదేపదే అడిగే మాట ఇది. కనిగిరి, పామూరు, మర్రిపూడి, పొదిలి, కొనకనమిట్ల వైపువాళ్లయినా, నెల్లూరు జిల్లాలో ఉదయగిరి, సీతారామపురం మెట్టవాళ్లయినా ప్రశ్న మారదు. అడిగే తల్లి తప్పేమీ లేదు. వానలు పడి ఊళ్లో విరేచనాలు మొదలైతే చాలు, "కాచి చల్లార్చి తాగండి" అని మైకులో చెబుతారు, గోడల మీద రాస్తారు. ఆ మాట నిజమే. కానీ అది క్రిములకి చెప్పిన మందు. పళ్లకి గార పట్టించేది ఫ్లోరైడ్, రాతిలోంచి నీళ్లలోకి కరిగే లవణం. అది క్రిమి కాదు, వేడికి చావడానికి.

అపోహ: నీళ్లు బాగా మరిగిస్తే ఫ్లోరైడ్ పోతుంది.

పోదు. పెరుగుతుంది. పులుసులో ఉప్పు ఎక్కువైతే ఇంకాసేపు మరగనిచ్చి తగ్గిస్తామా? మరిగేకొద్దీ ఇంకా ఉప్పగా అవుతుంది. ఫ్లోరైడ్ సంగతీ అంతే. ఆవిరై పోయేది నీరు, అడుగున మిగిలేది ఫ్లోరైడ్. మీ బోరు నీళ్లలో లీటరుకు 3 మిల్లీగ్రాములు ఉందనుకోండి. 10 లీటర్లు పొయ్యి మీద పెడితే అందులో మొత్తం 30 మిల్లీగ్రాములు. మరిగి మరిగి 8 లీటర్లకు వస్తే ఆ 30 మిల్లీగ్రాములూ 8 లీటర్లలోనే ఉంటాయి. అంటే లీటరుకు 3.75. కట్టెలూ గ్యాసూ ఖర్చుపెట్టి పిల్లలకి చిక్కటి ఫ్లోరైడ్ పోస్తున్నట్టు.

గిన్నె అడుగున తెల్లటి పొర కడుతుంది కదా, అదే ఫ్లోరైడ్ అని చాలామంది నమ్మకం. కాదు. అది సున్నం. కాఠిన్యం ఉన్న నీళ్లు కాగితే కాల్షియం కార్బొనేట్ పేరుకుంటుంది. గిన్నె తోమితే ఆ సున్నం పోతుంది, ఫ్లోరైడ్ దాదాపు అంతా నీళ్లలోనే ఉండి కడుపులోకి పోతుంది.

తాగునీటికి మన దేశపు ప్రమాణం ఐఎస్ 10500. దాని ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు మంచిది. వేరే నీటి వనరు లేకపోతే 1.5 వరకు సరిపెట్టుకోవచ్చు. ఆ పైన తాగకూడదు. ఈ సమస్య మనకి కొత్తదీ కాదు. ఈ దేశంలో మనుషులకి ఎముకలు బిగుసుకుపోయే ఫ్లోరోసిస్‌ని వైద్యులు గుర్తించి 1937లో పత్రికకెక్కించింది అప్పటి మద్రాసు రాష్ట్రపు నెల్లూరు జిల్లా నుంచే. పొదిలి, దర్శి, కనిగిరి తాలూకాలు అప్పట్లో నెల్లూరులోనే ఉండేవి, 1970లో ఒంగోలు జిల్లాలోకి వచ్చాయి, ఆ జిల్లాకే తర్వాత ప్రకాశం అని పేరు పెట్టారు. ఇన్నేళ్ల తర్వాత కూడా "కాచితే పోతుంది" అనే మాట ఇంటింటా వినపడుతోందంటే బాధగా ఉంటుంది.

అపోహ: తాగేది క్యాన్ నీళ్లు కాబట్టి మాకు భయం లేదు.

కాచడం తర్వాత ఎక్కువ నష్టం చేస్తున్నది ఇదే. తాగడానికి ప్లాంటు నుంచి 20 లీటర్ల క్యాన్ తెచ్చుకుంటారు. అన్నానికి ఎసరు మాత్రం బోరు నీళ్లు. పప్పు, పులుసు, సంగటి, టీ అన్నీ బోరు నీళ్లే. "వంటకి ఏ నీళ్లయితే ఏం, ఎటూ ఉడుకుతుంది కదా" అంటారు. మళ్లీ అదే కాచే నమ్మకం, ఇంకో దారిన.

లెక్క వేసి చూడండి. అయిదుగురున్న ఇంట్లో రోజుకి కిలో బియ్యం వండితే 2 లీటర్ల ఎసరు. పప్పుకొక లీటరు, పులుసుకో చారుకో ఇంకో లీటరు, టీకి అర లీటరు. మొత్తం నాలుగున్నర లీటర్లు. బోరులో లీటరుకు 4 మిల్లీగ్రాములుంటే ఇది 18 మిల్లీగ్రాములు, మనిషికి 3.6. లీటరుకు 1.5 ఉన్న నీళ్లు రోజుకి 2 లీటర్లు తాగితే లోపలికి పోయేది 3 మిల్లీగ్రాములు. అంటే బోరు నీళ్లు ఒక్క గుక్క తాగకపోయినా ఒక్క వంటతోనే ఆ హద్దు దాటిపోయారు. గంజి వార్చే ఇంట్లో కొంత గంజితో బయటికి పోతుంది. కుక్కర్లో ఎసరంతా ఇంకించే ఇంట్లో పూర్తిగా కంచంలోకి వస్తుంది. రాగి సంగటి తాగే నీళ్లు ఇంకా ఎక్కువ. టీ ఆకులో సహజంగానే ఫ్లోరైడ్ ఉంటుంది, దాన్ని బోరు నీళ్లలో మరగకాస్తే రెండూ కలుస్తాయి.

క్యాన్లు కొనగలిగేది కొన్నే అయితే వాటిని ఈ వరసలో వాడండి: ముందు పిల్లలకీ గర్భిణులకీ తాగడానికి, తర్వాత పెద్దలు తాగడానికి, ఆ వెంటనే ఎసరుకీ పప్పుకీ. బియ్యం కడగడం, కూరగాయలు కడగడం, అంట్లు తోమడం, స్నానం అన్నీ బోరు నీళ్లతో నిశ్చింతగా చేసుకోవచ్చు. ఒంటి మీద పోసుకుంటే చర్మం గుండా ఫ్లోరైడ్ లోపలికి పోదు. స్నానానికి కూడా క్యాన్లు కొంటున్న భయస్తులున్నారు, ఆ డబ్బు ఎసరుకి పెట్టండి.

పాలపొడి పట్టే పసిబిడ్డ ఉంటే ఆ నీళ్ల విషయంలో రాజీ పడొద్దు, ఎందుకంటే ఆ బిడ్డ ఆహారమంతా ఆ నీళ్లే. తల్లిపాలలో మాత్రం ఫ్లోరైడ్ చాలా తక్కువ, తల్లి తాగే నీళ్లలో ఎక్కువున్నా సరే. అందుకని బెంగతో పాలు మాన్పించొద్దమ్మా.

అపోహ: నీళ్లు తియ్యగా ఉన్నాయి, టీడీఎస్ (కరిగిన మొత్తం లవణాలు) తక్కువుంది, కాబట్టి మంచివి.

ఫ్లోరైడ్‌కి రంగు లేదు, వాసన లేదు, మన నీళ్లలో ఉండే మోతాదులో రుచీ లేదు. పైగా తియ్యటి నీళ్లనే కాస్త ఎక్కువ అనుమానించాలి. ఫ్లోరైడ్ పుట్టేది నల్లరాయిలోంచి, గ్రానైటులోని ఖనిజాల్లోంచి. నీళ్లలో కాల్షియం బాగా ఉంటే ఫ్లోరైడ్ దానితో కలిసి కొంత గడ్డకట్టి రాతిలోనే ఉండిపోతుంది. కాల్షియం తక్కువగా ఉండి సోడా గుణం ఎక్కువున్న మెత్తటి నీళ్లలో అది నిరాటంకంగా కరుగుతుంది. సబ్బు బాగా నురగొచ్చే నీళ్లు, పప్పు తొందరగా ఉడికే నీళ్లు అని మురిసిపోయే బోర్లలో ఫ్లోరైడ్ ఎక్కువ తేలడానికి కారణం ఇదే. "ఇంకో రెండొందల అడుగులు దింపితే మంచినీళ్లు పడతాయి" అనే మాటకీ ఆధారం లేదు. లోతుకెళ్లేకొద్దీ నీళ్లు రాతిలో ఎక్కువకాలం నానినవి. ఫ్లోరైడ్ తగ్గకపోగా పెరగడమే ఎక్కువ.

జేబులో పెట్టుకునే టీడీఎస్ మీటరు నీళ్లలో కరెంటు ఎంత పారుతోందో చూసి మొత్తం లవణాల అంకె చూపిస్తుంది. మీటరు 600 చూపిస్తే, ఆ 600లో 3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉందో లేదో దానికి తెలియదు. 300 చూపించిన నీళ్లలో ఫ్లోరైడ్ 3 ఉండొచ్చు, 1200 చూపించిన నీళ్లలో అరే ఉండొచ్చు.

గ్లాసుల్లో రెండు కడ్డీలు ముంచి కరెంటు పెట్టి, "చూడండి మీ నీళ్లు ఎంత మురికో" అని గోధుమ రంగు తేల్చి చూపించి మిషన్లు అమ్మేవాళ్లని నమ్మొద్దు. ఆ రంగు నీళ్లది కాదు, ఇనుప కడ్డీది. ఆర్వో (సన్నటి పొర గుండా వడకట్టే మిషన్) నీళ్లలో లవణాలు పెద్దగా లేక కరెంటు పారదు, అందుకే ఆ గ్లాసు తేటగా ఉంటుంది. ఆ గ్లాసులోనే చిటికెడు ఉప్పు వేసి మళ్లీ కడ్డీలు పెట్టమనండి. అదీ అలాగే రంగు మారుతుంది.

మిగతా నమ్మకాలు, త్వరగా

రాగి బిందె, మట్టి కుండ, చిల్లగింజ, కొవ్వొత్తి ఫిల్టరు, యూవీ లైటు: వీటిలో ఏదీ ఫ్లోరైడ్ తీయదు. బ్లీచింగ్ పౌడరూ తీయదు, అది క్రిములకి. పటిక బిళ్ల బిందెలో రెండు తిప్పులు తిప్పితే బురద తేరుకుంటుంది, అంతే. పటికతో ఫ్లోరైడ్ తీసే నల్గొండ పద్ధతి ఉంది, నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) చేసింది. కానీ దానికి లీటరుకు వందల మిల్లీగ్రాముల పటిక పడుతుంది, అందులో ఇరవయ్యో వంతు సున్నం. ముందు వేగంగా, తర్వాత పది ఇరవై నిమిషాలు నెమ్మదిగా కలిపి, గంటకు పైగా తేరనిచ్చి పై నీళ్లు వంచుకోవాలి. మోతాదు ఫ్లోరైడ్‌ని బట్టే కాదు, నీళ్ల క్షారగుణాన్ని బట్టి కూడా మారుతుంది. పరీక్ష లేకుండా చేతి అంచనాతో వేస్తే ఫ్లోరైడ్ మిగిలిపోతుంది, పైగా అల్యూమినియం నీళ్లలో చేరుతుంది.

ఫ్లోరోసిస్ అంటువ్యాధి కాదు, వంశంలో వచ్చేదీ కాదు. ఆ ఊరి పిల్లని చేసుకుంటే పుట్టే బిడ్డలకీ గారపళ్లే అని సంబంధాలు వెనక్కి పంపే పెద్దమనుషులు ఈ మాట చెవిన వేసుకోవాలి. పిల్ల పళ్లు ఏర్పడే ఎనిమిదేళ్ల లోపు తాగిన నీళ్ల గుర్తు అది. తర్వాత నీళ్లు మార్చినా పళ్ల మీద గార పోదు, దంత వైద్యులు పైన పూత వేసి కనపడకుండా చేయగలరు. ఎముకల్లో చేరింది మాత్రం మంచినీళ్లు మొదలెట్టాక ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా బయటికి పోతుంది. అందుకే "మాకెలాగూ వచ్చేసింది, ఇక నీళ్లు మార్చి ఏం లాభం" అనుకోవద్దు. ఫ్లోరైడ్‌ని బయటికి పంపేది మూత్రపిండాలు. కీళ్ల నొప్పులకి రోజూ నొప్పి మాత్రలు మింగితే దెబ్బతినేదీ అవే.

చింతపండు తింటే మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువ పోతుందని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధనలో తేలిన మాట నిజం. అయితే ఆ పులుసు కాచేది బోరు నీళ్లతో అయితే ఒక చేత్తో తీసి రెండో చేత్తో పోసినట్టే. పాలు, పెరుగు, రాగులు, నువ్వులు, మునగాకు, ఉసిరి, జామ పిల్లలకి బాగా పెట్టండి. కాల్షియం కరువైన ఒంట్లో ఫ్లోరైడ్ చేసే చేటు ఎక్కువ, దొడ్డికాళ్లు వచ్చేది అలాంటి పిల్లలకే ఎక్కువ. నల్ల ఉప్పు మానండి, దానిలో ఫ్లోరైడ్ ఉంటుంది.

ప్లాంటు నీళ్లు, ఇంటి ఆర్వో

ఆర్వో పొర బాగున్నంతకాలం ఫ్లోరైడ్‌లో నూటికి 85 నుంచి 95 వంతులు తీసేస్తుంది. 4 ఉన్న నీళ్లు 0.4 దగ్గరికి వస్తాయి. పొర అరిగి అరవై వంతులే తీస్తుంటే అదే నీళ్లు 1.6 అవుతాయి. రుచిలో తేడా తెలియదు. అందుకే ప్లాంటువాళ్లని టీడీఎస్ అడగొద్దు, ఫ్లోరైడ్ పరీక్ష ఎప్పుడు చేయించారో, కాగితం ఏదో అడగండి. మూడు నెలలకోసారి చేయిస్తే మంచిది. నీళ్లు చప్పగా ఉన్నాయని జనం అంటే కొందరు పచ్చి బోరు నీళ్లు కొంత కలుపుతారు. రుచితో పాటు ఫ్లోరైడూ తిరిగొస్తుంది. ఇంటి మిషన్లలో టీడీఎస్ సర్దే చిన్న మర ఉంటుంది, దాని పనీ అదే, పచ్చి నీళ్లు కలపడం. ఫ్లోరైడ్ ఊళ్లలో దాన్ని పూర్తిగా మూయించండి. ఆర్వో వదిలేసే నీళ్లలో ఫ్లోరైడ్ బోరు నీళ్లకి రెట్టింపుకి దగ్గరగా ఉంటుంది. దొడ్డి కడగండి, గొడ్లకి మాత్రం పెట్టొద్దు, వాటికీ కాళ్లు పడిపోతాయి.

క్యాన్ నీళ్లలో క్లోరిన్ మిగిలి ఉండదు. లోపల పాచి పట్టిన క్యాన్, ఎండలో పెట్టిన క్యాన్, చెయ్యి ముంచిన బిందె ఉంటే విరేచనాలు అక్కడి నుంచే మొదలవుతాయి.

పరీక్షకి సీసా తెచ్చేటప్పుడు

గాజు సీసా వద్దు, ప్లాస్టిక్‌ది తేండి. గాజుతో ఫ్లోరైడ్ చర్య జరిపి అంకె తప్పొచ్చు. మోటారు అయిదు పది నిమిషాలు నడిచాక, అదే నీళ్లతో సీసా మూడుసార్లు కడిగి లీటరు పట్టండి. ఏ బోరో, లోతెంతో, తేదీ ఏమిటో సీసా మీద రాయండి. వానల తర్వాత ఒకసారి, నడి వేసవిలో ఒకసారి చేయించండి, అంకె మారుతుంది. గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలల్లో చేస్తారు. ఊళ్లో ఉండే పరీక్ష పెట్టెలో ఎరుపు మందు ఎంత పసుపుకి తిరిగితే ఫ్లోరైడ్ అంత ఎక్కువని లెక్క. అది అంచనాకే. ఒకటికి అటూఇటూగా వస్తే ప్రయోగశాలలో ఖాయం చేసుకోండి. క్రిముల పరీక్షకి ఈ సీసా పనికిరాదు, దానికి శుద్ధి చేసిన సీసా వాళ్లే ఇస్తారు.

పక్కా స్లాబు ఉన్నవాళ్లకి ఇంకో దారి ఉంది, వాన నీళ్లు. అందులో ఫ్లోరైడ్ లేనట్టే లెక్క. 50 చదరపు మీటర్ల స్లాబు మీద 600 మిల్లీమీటర్ల వాన పడితే, అయిదో వంతు వృథా పోయినా 24,000 లీటర్లు దిగుతాయి. తాగడానికీ వంటకీ రోజుకి 20 లీటర్ల చొప్పున ఏడాదికి కావాల్సింది 7,300. మూతతో 10,000 లీటర్ల తొట్టి సరిపోతుంది. అక్టోబరు వానలకి ముందే స్లాబు ఊడ్చి కడిగి, గొట్టానికి గుడ్డ వడపోత కట్టి పెట్టుకోవాలి. ప్రతి వానకీ మొదటి వంద లీటర్లు బయటికి వదిలేయాలి. పక్షుల రెట్టలు, దుమ్ము, ఆకులు వాటితో పోతాయి, అయినా కొన్ని క్రిములు మిగులుతాయి. ఈ నీళ్లని మాత్రం కాచే తాగండి. కళపెళా మరుగుపట్టాక ఒక్క నిమిషం చాలు.