గీతలు చెరిగిన రోడ్డు మీద: రీకార్పెటింగ్ చుట్టూ ముప్పై ఏళ్ల తగవు

తారు రోడ్డుకు ఆయుష్షు తక్కువ. ఎంత శ్రద్ధగా వేసినా పది పదిహేనేళ్లకు పగుళ్లు తేలతాయి, నీరు దిగుతుంది, పై పొర లేచిపోతుంది. అప్పుడు మిల్లింగ్ యంత్రంతో పాత పొరను గీకేసి, కొత్త తారు పరిచి, రోలర్ తిప్పుతారు. మన మున్సిపల్ ఇంజినీర్లు రీకార్పెటింగ్ అనే ఈ పని ముగిసేసరికి రోడ్డు మీద ఒక్క గీత కూడా మిగలదు. లేన్లు, జీబ్రా క్రాసింగులు, సిగ్నల్ దగ్గర ఆగే గీతలు అన్నీ మళ్లీ వేయాల్సిందే. రంగుకూ కూలికీ డబ్బు అప్పటికే మంజూరై ఉంటుంది. అలాంటప్పుడు మనుషుల ప్రాణాలు తీసిన పాత గీతలనే మళ్లీ ఎందుకు గీయాలి? అమెరికాలో కొందరు ఇంజినీర్లు, వికలాంగులు, సైకిలు తొక్కేవాళ్లు వేర్వేరు కాలాల్లో, వేర్వేరు దారుల్లో ఈ ప్రశ్న దగ్గరికి చేరారు.

కొత్త తారు వేసిన చోట నగరం తన వీధుల ప్లాన్ ప్రకారమే మార్పులు చేయాలని 2024 మార్చిలో లాస్ ఏంజెలెస్ ఓటర్లు ఏకంగా చట్టం చేశారు. సైకిలువాళ్ల విజయమని పత్రికలు రాశాయి. అది నిజమే కానీ, కథ మొదలైంది సైకిలుతో కాదు, చక్రాల కుర్చీతో.

1990 జులైలో అధ్యక్షుడు జార్జ్ హెచ్.డబ్ల్యు. బుష్ వికలాంగుల హక్కుల చట్టంపై సంతకం చేశారు. దాని కింద వచ్చిన నిబంధనల ప్రకారం 1992 జనవరి తరువాత కొత్తగా కట్టిన, లేదా మార్పులు చేసిన ప్రతి వీధికీ కూడళ్ల దగ్గర ఫుట్‌పాత్ నుంచి రోడ్డుకు వాలుగా దిగే ర్యాంపు ఉండాలి. ఫిలడెల్ఫియా నగరం మాత్రం వీధులకు కొత్త తారు వేస్తూనే పోయింది, ర్యాంపులు కట్టలేదు. ‘డిసేబుల్డ్ ఇన్ యాక్షన్’ అనే సంఘం, మరికొందరు వికలాంగులు కోర్టుకు వెళ్లారు. నగరం వాదన సూటిగానే ఉంది: మేము చేసింది మరమ్మతు మాత్రమే, కెర్బ్ (ఫుట్‌పాత్ అంచు గట్టు) జోలికి అసలు పోలేదు, కాబట్టి ఇది మార్పు కిందికి రాదు.

1993లో మూడో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు ఈ వాదనను తోసిపుచ్చింది. వీధి ఒక కూడలి నుంచి ఇంకో కూడలి దాకా కొత్త తారు వేస్తే దాని మీద నడిచేవారికీ బండి నడిపేవారికీ అది మెరుగవుతుంది. కొందరికి వీధిని మెరుగుపరిచి, చక్రాల కుర్చీలో ఉన్నవారిని కెర్బ్ అంచునే వదిలేస్తామంటే చట్టం ఒప్పుకోదు. కాబట్టి అది మార్పే, ర్యాంపులు కట్టాల్సిందే. భారం ఎక్కువవుతుందన్న మొరను కూడా కోర్టు వినలేదు. ‘కిన్నీ వర్సెస్ యెరుసలీమ్’ పేరుతో నిలిచిన ఈ తీర్పు ట్రాఫిక్ భద్రత కోసం వచ్చింది కాదు. అయినా తరువాత జరిగినదానికంతా పునాది అక్కడే పడింది. తారు వేయడం దానంతట అదే ఒక బాధ్యతను మోసుకొస్తుందని కోర్టు గుర్తించడం అది మొదలు.

గుంత పూడ్చితే ర్యాంపు కట్టాలా? పగుళ్లలో సీలు పోస్తే? పలచని పొర వేస్తే? ఈ బేరాలు ఇరవై ఏళ్లు సాగాయి. చివరికి 2013లో అమెరికా న్యాయశాఖ, రవాణాశాఖ కలిసి ఒక వివరణ ఇచ్చాయి. పగుళ్లు నింపడం, స్లర్రీ సీల్ (పైపైన పూసే పలచని పూత), అక్కడక్కడ ప్యాచ్ వేయడం నిర్వహణ కిందికి వస్తాయి. గీకి మళ్లీ పరచడం, పై పొర వేయడం, మైక్రోసర్ఫేసింగ్ (అంతకంటే గట్టి పలచని పొర) లాంటివి మార్పు కిందికి వస్తాయి. ఈ జాబితాను గుర్తుంచుకోండి, లాస్ ఏంజెలెస్ అధికారులు కూడా దాన్ని జాగ్రత్తగానే చదివారు.

రెండో పాయ ఇంజినీర్లది. మధ్యలో డివైడర్ లేని నాలుగు లేన్ల రోడ్డు అమెరికా ఊళ్లలో మామూలు దృశ్యం. అక్కడ బళ్లు కుడివైపు నడుస్తాయి కనుక ఎడమకు తిరిగేవాడు లోపలి లేన్లో, వేగంగా వచ్చే బళ్ల ముందు ఆగాలి. వెనుకవాడు గుద్దుతాడు, లేదా చటుక్కున పక్క లేన్లోకి దూకుతాడు. రోడ్డు దాటే మనిషిని చూసి మొదటి కారు ఆగినా, దాని పక్క నుంచి వచ్చే రెండో కారుకు ఆ మనిషి కనిపించడు. ఈ రోడ్డునే మూడు లేన్లుగా గీస్తే, అటొకటి, ఇటొకటి, మధ్యలో ఎడమ మలుపులకు ఒకటి, చిక్కు చాలామటుకు విడిపోతుంది. మిగిలిన వెడల్పు సైకిళ్లకో, పార్కింగుకో, రోడ్డు దాటేవారు మధ్యలో నిలబడే దీవికో దక్కుతుంది. కెర్బ్ కదిలించనక్కర్లేదు. మోంటానా రాష్ట్రం బిల్లింగ్స్‌లో 1979లోనే ఇలా చేశారు. 1999లో డాన్ బర్డెన్, పీటర్ లాగర్‌వే రాసిన ఒక పత్రం ఈ పద్ధతికి ‘రోడ్ డైట్’ అన్న పేరును జనంలోకి తెచ్చింది. ప్రమాదాలు 19 నుంచి 47 శాతం దాకా తగ్గుతాయని ఫెడరల్ హైవే సంస్థ లెక్క.

ఉన్న రోడ్డు మీద పాత గీతలను గీకి తీయడం ఖర్చుతో కూడిన పని, పైగా వాటి మరకలు మిగిలి డ్రైవర్లను తికమకపెడతాయి. కొత్త తారు మీద ఆ బాధ లేదు. వర్జీనియా రాష్ట్ర రవాణాశాఖ ఈ సంగతిని అందరికంటే తెలివిగా వాడుకుందని నా అభిప్రాయం. వర్జీనియాలో చాలా కౌంటీల్లో ఇళ్ల మధ్య వీధులు కూడా రాష్ట్రానివే, 1932 నుంచీ అంతే. అందువల్ల తారు వేసేదీ గీతలు గీసేదీ ఒకే సంస్థ. ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలోని రెస్టన్‌లో లాయర్స్ రోడ్డుకు 2009లో కొత్త తారు పడాల్సి వచ్చినప్పుడు నాలుగు లేన్లను మూడు చేసి, రెండు వైపులా సైకిలు లేన్లు గీశారు. ప్రమాదాలు సుమారు 70 శాతం తగ్గాయి. రెండేళ్లకు దగ్గరలోని సోప్‌స్టోన్ డ్రైవ్‌కూ అదే వంతు వచ్చింది. ఇప్పుడు అక్కడ తారు వేయబోయే వీధుల జాబితాను ముందే ప్రకటించి, గీతలు ఎలా మార్చబోతున్నారో సభలు పెట్టి చెబుతారు. ఉత్తర వర్జీనియాలో తెలుగు కుటుంబాలు తక్కువేమీ కాదు. తమ వీధి ఆ జాబితాలో ఉంటే ఆ సభకు వెళ్లి నోరు విప్పడం మంచి పని.

2016లో ఫెడరల్ హైవే సంస్థ రీసర్ఫేసింగ్ (మన రీకార్పెటింగే) పనుల్లో సైకిలు దారులను ఎలా కలపాలో చెప్పే ఒక చేతిపుస్తకం వేసింది. మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జ్ నగరం 2019లో ఇంకో మెట్టు ఎక్కింది: నగర ప్రణాళిక ప్రకారం తిరిగి నిర్మించే వీధి సైకిలు పటంలో ఉంటే, విడిగా రక్షణ ఉన్న సైకిలు లేను కట్టి తీరాలని ఆర్డినెన్సు, అంటే నగర చట్టం, చేసింది. అధికారి దయ మీద ఆధారపడిన పని అలా చట్టబద్ధమైన విధి అయింది.

మన దగ్గర ఈ అవకాశం ఎలా పోతోందో కూడా ఇక్కడే చెప్పాలి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పాదచారుల మార్గదర్శకాల ప్రకారం ఫుట్‌పాత్ కెర్బ్ ఎత్తు 150 మిల్లీమీటర్లు మించకూడదు. పాత పొర గీకకుండా 40 మిల్లీమీటర్ల తారు నాలుగుసార్లు వేస్తే ఆ కెర్బ్ మొత్తం మునిగిపోతుంది. తరువాత ఫుట్‌పాత్ మీద పార్కింగ్ చేయడానికి బండికి ఎత్తు కూడా అడ్డు రాదు, వాన నీరు దుకాణాల్లోకి పోతుంది. అప్పుడు ఫుట్‌పాత్‌ను లేపి, మనిషి ఎక్కలేనంత ఎత్తులో కొత్త అరుగు కడతారు. హైదరాబాద్‌లో జీహెచ్‌ఎంసీ 709 కిలోమీటర్ల ప్రధాన రహదారులను అయిదేళ్ల నిర్వహణకు ఏజెన్సీలకు అప్పగించినప్పుడు ఫుట్‌పాత్‌లు, లేన్ గీతలు కూడా ఒప్పందంలో ఉన్నాయి. ఉన్నవాటిని కాపాడటం ఆ ఒప్పందం ఉద్దేశం. వీధి రూపు మార్చాలని అడగలేదు కనుక ఏజెన్సీలను తప్పుపట్టడానికి లేదు.

లాస్ ఏంజెలెస్‌లో అడగడం కూడా అయింది. 2015 ఆగస్టులో నగర మండలి ‘మొబిలిటీ ప్లాన్ 2035’ ఆమోదించింది. ఏ వీధిలో సైకిలు లేను, ఏ వీధిలో బస్సు లేను, ఎక్కడ నడకకు ప్రాధాన్యం అన్నీ పటం గీసి చూపింది. అదే నెలలో మేయర్ ఎరిక్ గార్సెట్టి ట్రాఫిక్ మరణాలను 2025 కల్లా సున్నాకు తెస్తామని ఆదేశమిచ్చారు. ప్లాన్ మీద కోర్టు కేసు పడితే 2016లో మళ్లీ ఆమోదించారు. ఆ తరువాత పటం అల్మరాలోకి చేరింది. అక్కడ తారు వేసే శాఖ వేరు, గీతలు గీసే శాఖ వేరు. తారు శాఖ రోడ్డు ఎంత పాడైందో చూసి వీధిని ఎంచుకుంటుంది, అక్కడ ఎందరు చనిపోయారో చూసి కాదు. రోలర్ వెళ్లిపోయాక రెండో శాఖ వచ్చి ఎక్కడి గీతను అక్కడే గీసి పోయేది.

భయం కూడా ఉంది. 2017 వేసవిలో ప్లాయా డెల్ రే ప్రాంతంలో విస్టా డెల్ మార్ సహా కొన్ని రోడ్ల లేన్లు తగ్గించారు. అంతకు రెండేళ్ల ముందు ఆ సముద్రతీర రోడ్డు దాటుతూ 16 ఏళ్ల అమ్మాయి చనిపోయింది, నగరం ఆ కుటుంబానికి లక్షల డాలర్ల పరిహారం చెల్లించింది. అయినా ఆఫీసుకు ఆలస్యమవుతోందని డ్రైవర్లు గగ్గోలు పెట్టారు. ఆ ప్రాంత మండలి సభ్యుడు మైక్ బోనిన్‌ను పదవి నుంచి దించడానికి సంతకాల సేకరణ మొదలైంది. అది ఫలించలేదు కానీ, కొన్ని నెలల్లోనే లేన్లు తిరిగి వచ్చాయి. ఆ దెబ్బతో మిగతా సభ్యులు తమ ప్రాంతంలో రోడ్ డైట్ పేరెత్తడం మానేశారు.

అందుకే మైకేల్ ష్నైడర్ స్థాపించిన ‘స్ట్రీట్స్ ఫర్ ఆల్’ సంస్థ 2022లో మండలిని బతిమాలడం మానేసి ఓటర్ల సంతకాలు సేకరించింది. వాళ్ల ప్రతిపాదన చిన్నది: నగరం తాను ఆమోదించిన ప్లాన్‌నే అమలు చేయాలి. ఎప్పుడంటే, ఏ వీధిలోనైనా మైలులో ఎనిమిదో వంతు, అంటే దాదాపు 200 మీటర్లు, కొత్తగా తారు వేసినప్పుడు. చేయకపోతే పౌరులు దావా వేయవచ్చు. నగర ముఖ్య పరిపాలనాధికారి మ్యాట్ స్జాబో దీనికి పదేళ్లలో 310 కోట్ల డాలర్లు అవుతాయని అంచనా ఇచ్చారు. ప్రతిపాదన అడగని ఫుట్‌పాత్ పనులు కూడా అందులో కలిపారని ప్రచారకులు తిప్పికొట్టారు. లేన్లు తగ్గితే ఫైరింజన్లకు ఆలస్యమవుతుందని అగ్నిమాపక సిబ్బంది సంఘం వ్యతిరేకించింది. ఓటర్ల ముందు ఇంకో లెక్క ఉంది: 2023లో ఆ నగరంలో ట్రాఫిక్‌లో పోయిన ప్రాణాలు 336, హత్యల్లో పోయినవాటికంటే ఎక్కువ. 2024 మార్చి 5న ‘మెజర్ హెచ్‌ఎల్‌ఏ’ పేరుతో ఓటుకు వచ్చిన ఈ ప్రతిపాదనకు సుమారు మూడింట రెండు వంతుల ఓట్లు పడ్డాయి.

చట్టంలో మినహాయింపులు ఉన్నాయి: గుంతలు పూడ్చడం, పైపులైన్లకు తవ్విన చోటు కప్పడం, అత్యవసర మరమ్మతులు, తారు వేయకుండా గీతలు మాత్రమే తిరిగి గీయడం. అలాంటివి లేకపోతే ఏ నగరమూ నడవదు. ఈలోగా 2025లో నగర బడ్జెట్‌కు దాదాపు వంద కోట్ల డాలర్ల లోటు వచ్చింది. కెర్బ్ నుంచి కెర్బ్ దాకా వేసే పూర్తి రీసర్ఫేసింగ్ దాదాపు ఆగిపోయింది. దాని స్థానంలో ‘భారీ తారు మరమ్మతు’ అనే పద్ధతి వచ్చింది. వీధి మొత్తం కాకుండా పాడైన మేరకు పెద్ద పెద్ద ముక్కలుగా కొత్త తారు వేయడం దాని పని. నగరం దాన్ని నిర్వహణగానే లెక్కిస్తుంది. నిర్వహణ అయితే 1993 తీర్పు కోరిన ర్యాంపులు అక్కర్లేదు, 2024 ఓటు కోరిన సైకిలు లేనూ అక్కర్లేదు.

డబ్బు లేకనే అంటుంది నగరం. ర్యాంపుల ఖర్చు నిజంగానే తక్కువ కాదు, ఆ మాట కొట్టివేయలేం. కానీ తప్పించుకోవడానికి ఎంచుకున్న సందు మాత్రం ఫిలడెల్ఫియా వాదించినదే. ఈసారి తేడా ఒకటుంది. దావా వేసే హక్కును ఓటర్లు చట్టంలోనే రాసుకున్నారు, తొలి దావా 2025లోనే పడింది. ఫిర్యాదులు మొదట తన పబ్లిక్ వర్క్స్ బోర్డు ముందుకే రావాలని మండలి ఒక అప్పీళ్ల పద్ధతి పెట్టింది. ఎంత పెద్ద ముక్క దాకా ప్యాచ్ అనవచ్చో, ఎక్కడి నుంచి అది కొత్త రోడ్డవుతుందో వాదోపవాదాలు ఇప్పుడు ఆ బోర్డు ముందూ, కోర్టుల్లోనూ సాగుతాయి.