ఆఖరి బస్సు తప్పిపోతే

2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద ఆడవాళ్ళకి పల్లెవెలుగు బస్సుల్లో టికెట్ డబ్బులు లేవు కదా, మా రావులపాలెం బస్సులో ఇప్పుడు కాలు పెట్టే చోటుండట్లేదు. అందరూ ఫ్రీ గురించే మాట్లాడుతున్నారు గానీ నాకు మాత్రం మా పెద్దమ్మ పిన్నీసు గుర్తొస్తోంది. ఎనభైల్లో ఆవిడ సఖినేటిపల్లి రేవులో పంటు, అదే రేవు దాటించే పెద్ద పడవ, ఎక్కి వశిష్ట గోదావరి దాటి నరసాపురం కాలేజీకెళ్ళేది, సైకిళ్ళూ కొబ్బరికాయల బస్తాలూ మనుషులూ అన్నీ ఒకదాన్నొకటి రాసుకుంటూ ఉండే ఆ పంటులో నోట్సు కింద పిన్నీసు తెరిచి పట్టుకునేదట, వెనకనించి ఎవడి చెయ్యన్నా వస్తే గుచ్చడానికి. ఓసారి గుచ్చింది కూడా. చీకటిపడ్డాక రేవులో ఒక్కత్తే ఉంటోందని రెండో ఏడు ఇంట్లో చదువు మాన్పించేశారు. గుచ్చించుకున్నోడు మాత్రం రోజూ పంటెక్కుతూనే ఉన్నాడట.

తర్వాత వంతెనలొచ్చాయి, 2002లో యానాం-ఎదుర్లంక వంతెనతో అటువైపు రేవు కష్టం తీరింది. కానీ వంతెన మీద సాయంత్రం ఏడు దాటాక బస్సు లేకపోతే ఏం లాభం, ఆ ఖాళీలోకి షేర్ ఆటోలొచ్చాయి, డ్రైవర్ పక్కన సగం సీటు మీద కూర్చోవాల్సొచ్చేది ఎవరో వేరే చెప్పక్కర్లేదు.

చట్టాల సంగతంటారా, ఆడపిల్ల వెంటపడటం విడిగా ఒక నేరమని రాసుకోడానికి 2012 డిసెంబర్ 16న ఢిల్లీ బస్సులో అంత ఘోరం జరగాల్సొచ్చింది, 2013లో గానీ ఐపీసీలోకి 354డి సెక్షన్ రాలేదు. 2016లో కేంద్రం బస్సుల్లో, ట్యాక్సీల్లో ట్రాకింగూ పానిక్ బటనూ ఉండాలని రూల్ తెచ్చింది, అందులో మూడు చక్రాల బళ్ళకి మినహాయింపు ఇచ్చేశారు! మా పిల్లలెక్కేవి అవే కదండీ. 2020 నవంబర్‌లో అభయం అని ఆటోలకి బటన్ పెట్టడం విశాఖలో మొదలెట్టారు, మా వైపు ఆటోల్లో నేనైతే ఒక్కటీ చూళ్ళేదు. రాష్ట్రంలో ఆడవాళ్ళ కేసుల కోసం మొదటి దిశ పోలీస్ స్టేషన్ 2020 ఫిబ్రవరి 8న మన రాజమండ్రిలోనే తెరిచారు, 2019 డిసెంబర్‌లో అసెంబ్లీ పాస్ చేసిన దిశ బిల్లు మాత్రం చట్టం కాలేదు. ఆపదలో పోలీసుల్ని పిలిచే దిశ యాప్ పోయి శక్తి యాప్ వచ్చింది.

మా మేనకోడలి ఫోన్లో అదుంది. అయినా ట్యూషనయ్యి అమలాపురంలో ఆఖరి బస్సు తప్పిపోయి ఆటో ఎక్కిన రోజు, మిగతావాళ్ళందరూ దిగిపోయి తనొక్కత్తే మిగిలితే, ఫోన్ చెవిన పెట్టుకుని "ఆ నాన్నా, లాకుల దగ్గరికి వచ్చేశా, నువ్వు కనిపిస్తున్నావ్‌లే" అంటుంది. అవతల లైన్లో ఎవరూ ఉండరు.