ఆంప్స్ ఎక్కువైతే బోర్డు కాలిపోదు

టేబుల్ సొంతంగా చేసుకుని, అందులోనే కంప్యూటర్ బిగించి, ఎత్తు మార్చే మోటారు, ఎల్ఈడీ స్ట్రిప్, నాలుగు బటన్లు, కోడ్‌తో వీటన్నిటినీ నడిపే కంట్రోల్ బోర్డునూ ఒక చిన్న డబ్బాలో సర్దాలనుకునేవాళ్లు నా దగ్గరికి తెచ్చే సమస్య దాదాపు ఒకటే. "సార్, మోటారు బటన్ నొక్కగానే బోర్డు రీసెట్ అవుతోంది. కోడ్‌లో తప్పెక్కడుందో దొరకట్లేదు." నేను కోడ్ అడగను, అడాప్టర్ చూపించమంటాను.

అపోహ: ఎక్కువ ఆంప్స్ ఉన్న అడాప్టర్ పెడితే బోర్డు కాలిపోతుంది.

వాస్తవం: కాలిపోదు. సరిపోవాల్సింది వోల్టేజీ. అడాప్టర్ మీద రాసిన ఆంప్స్ అది ఇవ్వగలిగే గరిష్ఠ కరెంటు మాత్రమే, బోర్డు తనకు కావలసినంతే తీసుకుంటుంది. ట్యాంకు పెద్దదైనంత మాత్రాన కుళాయి దానంతటదే తిరగదు కదా! 5 వోల్టుల బోర్డుకు 5 వోల్టుల 10 ఆంప్స్ సప్లై పెట్టినా ఏమీ కాదు. అదే 5 వోల్టుల పిన్‌కు 12 వోల్టులు ఇచ్చారా, అర ఆంప్ అడాప్టరైనా బోర్డు పోతుంది.

ఎవరు పుట్టించారో గానీ, ఈ పుకారుకు భయపడి జనం చిన్న అడాప్టర్ కొంటారు. మోటారు కదిలే క్షణంలో మామూలుగా తిరిగేటప్పటికంటే కొన్ని రెట్లు కరెంటు లాగుతుంది. చిన్న అడాప్టర్ అంత ఇవ్వలేక వోల్టేజీ పడిపోతుంది, బోర్డు రీసెట్ అవుతుంది. డబ్ల్యూఎస్2812బీ రకం ఎల్ఈడీ స్ట్రిప్‌లో ఒక్కో ఎల్ఈడీకి గరిష్ఠంగా 60 మిల్లీ ఆంప్స్ లెక్క వేసుకోవాలి. మీటరుకు 60 ఉంటే నిండు తెలుపులో 3.6 ఆంప్స్. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 500 మిల్లీ ఆంప్స్.

ఒక కుర్రాడు బోర్డులు మార్చాడు, లైబ్రరీలు మార్చాడు, రాత్రుళ్లు కూర్చుని కోడంతా తిరగరాశాడు. అతని ఈఎస్‌పీ32 బోర్డు మాత్రం సీరియల్ మానిటర్‌లో (బోర్డు పంపే సందేశాలు కంప్యూటర్‌లో కనిపించే విండో) 'బ్రౌనౌట్ డిటెక్టర్ వాజ్ ట్రిగర్డ్' అని, అంటే వోల్టేజీ పడిపోయిందని, చెబుతూనే ఉంది. మీటర్ పెడితే 5 వోల్టులు నిలకడగా చూపిస్తోందని అతని వాదన. చూపిస్తుంది మరి! మామూలు మల్టీమీటర్ అంకె సెకనుకు రెండు మూడు సార్లే మారుతుంది, మిల్లీసెకన్లలో పడి లేచే వోల్టేజీ దానికి దొరకదు. వోల్టేజీని క్షణక్షణం గీతగా చూపించే ఆసిలోస్కోప్ పెట్టి బటన్ నొక్కితే గీత గోతిలో పడినట్టు కిందికి దిగింది. పాపం, తనకు ప్రోగ్రామింగ్ రాదేమోనని అతనికి పెద్ద టెన్షన్. అతని కోడ్ శుభ్రంగా ఉంది.

చేయాల్సింది ఇంతే. 24 వోల్టుల సప్లై నుంచి మోటారు డ్రైవర్‌కు (బోర్డు సిగ్నల్‌ను బట్టి మోటారును నడిపే సర్క్యూట్‌కు) నేరుగా ఒక దారి, వోల్టేజీ తగ్గించే బక్ కన్వర్టర్ ద్వారా బోర్డుకు 5 వోల్టుల దారి ఇంకొకటి. స్ట్రిప్ మొదట్లో కుదుపులకు కాస్త కరెంటు దాచి ఉంచే 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్. వైరు సన్నగా ఉండకూడదు. 24 గేజ్ వైరు మీటరు పొడవున 3 ఆంప్స్ పంపితే రానూపోనూ కలిపి దారిలోనే అర వోల్టు పోతుంది.

మిగతా అపోహలు గబగబా చెప్పేస్తాను.

"వోల్టేజీని 5కి తగ్గించే 7805 రెగ్యులేటర్ చిప్ చిన్నది, డబ్బాలో పడుతుంది." పడుతుంది. 12 వోల్టులను 5 చేస్తూ అర ఆంప్ ఇస్తే 3.5 వాట్లు వేడిగా మారుతుంది, దానికి హీట్‌సింక్ పెట్టేసరికి చోటు అయిపోతుంది.

"వేర్వేరు సప్లైల గ్రౌండ్‌లు కలిపితే షార్ట్." ఈ టేబుల్‌లో వాడే డీసీ అడాప్టర్ల నెగటివ్‌లు కలపాల్సిందే, లేకపోతే డ్రైవర్‌కు సిగ్నల్ అర్థం కాదు.

"కంప్యూటర్ పవర్ బటన్ టేబుల్ అంచుకు తేవాలంటే మెయిన్స్ లాగాలి." వద్దు. మదర్‌బోర్డు మీద పవర్ స్విచ్ పిన్లు రెండిటినీ ఒక్క క్షణం కలిపే పుష్ బటన్, రెండు సన్నని వైర్లు చాలు.

"12 వోల్టులు షాక్ కొట్టవు, ఫ్యూజు ఎందుకు?" ఫ్యూజు వైరు అంటుకోకుండా ఉండటానికి.

"ఎత్తు పరిమితి కోడ్‌లో పెట్టాను, చివరికెళ్లగానే మోటారును ఆపే లిమిట్ స్విచ్ అక్కర్లేదు." డ్రైవర్ పిన్ ఆన్‌లో ఉండగా బోర్డు హ్యాంగ్ అయితే మోటారు ఆగదు, కింద మోకాళ్లుంటాయి. టేబుల్‌ను పైకీ కిందికీ నెట్టే లీనియర్ యాక్చువేటర్లు చాలావాటిలో లిమిట్ స్విచ్‌లు లోపలే వస్తాయి, కొనేముందు చూసుకోండి. లేకపోతే మోటారు వైరులోనే సిరీస్‌లో బిగించి, ఒక్కో స్విచ్ రెండు కొసల మధ్య, మోటారు కరెంటుకు తట్టుకునే డయోడ్ (కరెంటును ఒకే దిక్కుకు పోనిచ్చేది) పెట్టండి. డయోడ్ మరిస్తే చివరికెళ్లిన టేబుల్ వెనక్కి రాదు.