సెప్టెంబరు 17 సరే, మిలిటరీ పోయింది ఎప్పుడు?

హన్మకొండ చౌరస్తాలో ఒకే కరెంటు స్తంభానికి రెండు ఫ్లెక్సీలు కట్టారు. పైన ఉన్నది ‘విమోచన దినోత్సవం’, దాని కింద ఉన్నది ‘ప్రజాపాలన దినోత్సవం’. తేదీ మాత్రం రెండింటి మీదా సెప్టెంబరు 17. 1948లో ఆ రోజున నిజాం భారత సైన్యానికి లొంగిపోయాడు, హైదరాబాద్ రాజ్యం భారత్ చేతికి వచ్చింది. దాన్ని ఏమని పిలవాలన్నది ఏటా ఈ నెల రాగానే మొదలయ్యే గొడవే. విలీనం అనేవాళ్లు విలీనం అంటారు, విద్రోహం అనేవాళ్లు విద్రోహం అంటారు. 2022లో కేంద్రం పరేడ్ గ్రౌండ్స్‌లో విమోచన దినం జరిపితే, అప్పటి రాష్ట్ర ప్రభుత్వం అదే రోజు సమైక్యతా దినం జరిపింది. 2024 మార్చిలో కేంద్రం ఏటా ఆ రోజును ‘హైదరాబాద్ విమోచన దినం’గా జరపాలని గెజిట్ ఇచ్చింది. ఆ సెప్టెంబరులోనే కొత్త రాష్ట్ర ప్రభుత్వం ‘ప్రజాపాలన’ అని పేరు పెట్టింది.

నిజాం సంగతి, ఆయన పక్షాన ఆయుధం పట్టిన రజాకార్ల సంగతి, వెట్టి సంగతి ఇక్కడ మళ్లీ చెప్పడం లేదు. పరకాలలో 1947 సెప్టెంబరు 2న జెండా ఎత్తినవాళ్ల మీద కాల్పులు జరిగిన కథ ఈ జిల్లా పిల్లలకు కూడా తెలుసు. యూనియన్ సైన్యం, అంటే భారత సైన్యం వచ్చినప్పుడు జనం ఎదురెళ్లి స్వాగతం పలికారన్నదీ నిజమే. ఆ సంతోషాన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు. కానీ ఇన్నేళ్ల ఈ గొడవంతా సైన్యం వచ్చిన రోజు చుట్టూ తిరుగుతోంది. వచ్చిన సైన్యం ఏం పని ముగించుకుని, ఎవరి చేతికి పాలన అప్పజెప్పి, ఎప్పుడు వెళ్లాలనుకుంది? ఈ జిల్లాకు నిజంగా తగిలిన ప్రశ్న అది.

మా నాయినమ్మకు తేదీలు తెలియవు. పిల్లల వయసు అడిగితే కాలాన్ని రెండు ముక్కలు చేసి చెప్పేది. మా పెద్దబాపు ‘రజాకార్ల దాంట్ల’ పుట్టాడు. చిన్నత్త ‘మిల్ట్రీ దాంట్ల’ పుట్టింది. చిన్నప్పుడు ఆ రెండో మాట సెప్టెంబరులో జరిగిన ఐదు రోజుల సంగతి అనుకునేవాడిని. తరువాత లెక్క వేస్తే తేలింది, ఆమె ‘మిల్ట్రీ’ అన్నది దాదాపు మూడేళ్ల కాలాన్ని. ఊరి గడిలో సిపాయిలు దిగిన నాటి నుంచి వాళ్లు మళ్లీ కనబడకుండా పోయిన నాటి వరకు ఆమెకు అదంతా ఒకటే కాలం. అందులో పాలన ఎన్ని పేర్లు మారిందో ఆమెకు అవసరం లేకపోయింది.

ఆ మూడేళ్లు ఎందుకు సాగాయో తెలియాలంటే ముందు పేరు సంగతి చూడాలి. సైన్యం తనలో తాను ‘ఆపరేషన్ పోలో’ అనుకున్న దాన్ని ఢిల్లీ బయటికి ‘పోలీసు చర్య’ అని చెప్పింది. దానికి కారణం ఉంది. నిజాం ప్రధాని లాయక్ అలీ ప్రభుత్వం 1948 ఆగస్టులోనే ఐక్యరాజ్య సమితి భద్రతా మండలికి ఫిర్యాదు పంపింది. హైదరాబాద్ వేరే దేశమని, దాని మీదికి భారత్ వస్తోందని వాళ్ల వాదన. కాదు, ఇది మా ఇంటి వ్యవహారమని ఢిల్లీ వాదన. సైన్యం లొంగదీసుకున్నాక ఆ నెల తిరగకముందే నిజామే ఫిర్యాదు వెనక్కు తీసుకున్నాడు.

దేశమంతా ఒకటిగా ఉండాలనుకున్నవాళ్లకు ఢిల్లీ వాదనే సరి. ఈ వ్యాసం రాస్తున్నవాడికీ సరే. అయితే ఆ పేరుతో ఒక చిక్కు వచ్చింది. పరాయి నేల మీదికి సైన్యం పోతే ఏదో ఒక రోజు ఎవరో ఒకరు ‘ఎప్పుడు వెళ్తారు’ అని అడుగుతారు. ఒప్పందం రాసుకోవాలి, గడువు పెట్టుకోవాలి. సొంత ఇంట్లోకి వచ్చిన పోలీసును ఆ మాట అడిగేవాడు ఉండడు. దాంతో పని ఎక్కడ ముగుస్తుందో తేల్చకుండానే పని మొదలైంది. మొదట రజాకార్లను అణచడం పని. అది వారాల్లోనే అయిపోయింది, వాళ్ల నాయకుడు ఖాసిం రజ్వీ సెప్టెంబరు 19నే దొరికాడు. ఆ తరువాత శాంతిభద్రతలు పని అయ్యాయి, ఆపైన కమ్యూనిస్టులు, ఆపైన ఎన్నికలు. ఒకటి ముగిసేలోపు ఇంకొకటి వచ్చి చేరింది.

మిలిటరీ గవర్నరుగా మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి పాలన 1948 సెప్టెంబరు 18 నుంచి మరుసటి ఏడాది చివరి దాకా సాగింది. ఆ కాలంలో మంచి జరగలేదనలేం. 1949 ఆగస్టు 15న జాగీర్దారీ రద్దు నిబంధన వచ్చింది. నిజాం సొంత ఆస్తిగా ఉన్న సర్ఫేఖాస్ భూములు ప్రభుత్వంలో కలిశాయి. ఇవి చిన్న పనులు కావు.

ఊళ్లలో మాత్రం జనం ముందుగా చూసింది వేరే. కమ్యూనిస్టులు నడిపిన సంఘం (ఆంధ్ర మహాసభ) భయానికి ఊరు విడిచి పట్నంలో తలదాచుకున్న దొరలు మిలిటరీ జీపుల వెనుకే తిరిగొచ్చారు. మొన్నటి దాకా నిజాం అధికారులకు విందులు ఇచ్చిన వాళ్ల నెత్తిన ఇప్పుడు ఖద్దరు టోపీ ఉంది. సంఘం పంచిన భూములు వాపసు అడిగారు. పంచింది కొద్ది భూమి కాదు. కమ్యూనిస్టు పార్టీ చెప్పే లెక్క ప్రకారం 3,000 ఊళ్లలో 10 లక్షల ఎకరాలు. రెండు పంటలు తీసుకున్న రైతును ఆ చెలక నుంచి దిగిపొమ్మంటే దిగుతాడా? రజాకార్లను అణచడానికి వచ్చిన సైన్యం అలా పట్టాదారుకు కౌలుదారుకు మధ్య నిలబడింది. నిలబడింది పట్టాదారు పక్కన.

ప్రభుత్వం చెప్పే కథ ఇలా ఉంటుంది. 1948 ఫిబ్రవరి, మార్చిలో కలకత్తాలో జరిగిన మహాసభలో కమ్యూనిస్టు పార్టీ నెహ్రూ ప్రభుత్వం మీదే తిరుగుబాటుకు పిలుపునిచ్చింది. పార్టీ సాయుధ దళాలు తుపాకులు అప్పజెప్పలేదు. దొరలు, పటేళ్లు, పట్వారీలు ఊళ్లలో హత్యలకు గురయ్యారు. అలాంటప్పుడు సైన్యం ఎలా వెళ్తుంది? ఈ వాదనలో పస లేదని ఎవరూ అనరు.

కానీ అవతలి వైపు, కమ్యూనిస్టు నాయకుల్లో కూడా అదే ప్రశ్న మీద చీలిక వచ్చిందన్న సంగతి తక్కువ మంది గుర్తు పెట్టుకున్నారు. రావి నారాయణరెడ్డి లాంటి వారు పోరాటం ఆపేద్దామన్నారు. నిజాం మీద పోరాటానికి ఊరంతా కలిసి వచ్చింది, యూనియన్ సైన్యాన్ని జనం విముక్తి చేసినవాళ్లుగా చూస్తున్నారు, ఇక తుపాకీ పట్టుకుంటే జనం నుంచి విడిపోతామన్నది వాళ్ల మాట. పుచ్చలపల్లి సుందరయ్య, చండ్ర రాజేశ్వరరావు, మాకినేని బసవపున్నయ్యల వాదన వేరు. తుపాకీ దించిన మరునాడే భూమి పోతుంది, రైతుకు ఆ ఒక్క రక్షణ కూడా లేకుండా పోతుందని వాళ్లన్నారు. ఆపడం ఎలా అన్నది రెండు వైపులా సమస్యే అయింది. మిలిటరీ వెళ్తే దించుతామని దళాలు, దించితే వెళ్తామని మిలిటరీ. మధ్యలో కూర్చుని మాట్లాడే మనిషి లేకపోయాడు.

ఆ ఖాళీలో నలిగింది ఎవరంటే అడవి అంచు ఊళ్లు. అప్పటి వరంగల్ జిల్లా ఇప్పటిలా ముక్కలు కాలేదు. ఖమ్మం 1953 దాకా ఇందులోనే ఉండేది, ములుగు అడవులు, గోదావరి ఒడ్డు అన్నీ ఇందులోవే. మైదానంలో నిలవలేక దళాలు అడవికి వెళ్లాయి, వాళ్ల వెనుక సైన్యం వెళ్లింది. దళాలకు అన్నం దొరక్కుండా చేయాలని కోయగూడేలను ఖాళీ చేయించి, గుడిసెలు కాల్చి, మనుషులను రోడ్డు పక్క క్యాంపులకు తెచ్చారు. పోడు కొట్టుకుని ఇప్పపువ్వు ఏరుకుని బతికే మనిషిని కంచె లోపల కూర్చోబెడితే వానకాలం పంట ఎవరు వేస్తారు? సుందరయ్య రాసిపెట్టిన లెక్కలో పోరాటం మొత్తంలో 4,000 మంది చనిపోయారు, 10,000 మంది కార్యకర్తలు మూడు నాలుగేళ్లు జైళ్లలో, డిటెన్షన్ క్యాంపుల్లో ఉన్నారు, 50,000 మందిని పోలీసు, మిలిటరీ క్యాంపులకు ఈడ్చుకెళ్లి కొట్టారు.

మరాఠ్వాడా, కన్నడ జిల్లాల వైపు ఇంకో ఘోరం జరిగింది. పోలీసు చర్య వెంటనే ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో ముస్లింల మీద ఊచకోత సాగింది. ప్రభుత్వమే పంపిన సుందర్‌లాల్ బృందం మృతులు తక్కువలో తక్కువ 27,000 నుంచి 40,000 దాకా ఉంటారని రాసింది. ఆ నివేదికను దశాబ్దాల పాటు బయట పెట్టలేదు. సెప్టెంబరు 17కు పేరు పెట్టే ఏ సభలోనైనా ఆ జిల్లాల పేర్లు కూడా వినబడాలి.

ఇప్పుడు అసలు మలుపు. నా లెక్కలో అది 1949 నవంబరు.

ఆ నెల 23న నిజాం ఒక ఫర్మానా ఇచ్చాడు. భారత రాజ్యాంగాన్ని హైదరాబాద్‌కు ఒప్పుకుంటున్నట్టు అందులో ఉంది. దాంతోపాటు ఇంకో మాట కూడా ఉంది. ఈ ఒప్పుకోలును రాష్ట్ర ప్రజలు ఆమోదించాలి, త్వరలో ఏర్పడబోయే హైదరాబాద్ రాజ్యాంగ సభ ద్వారా వాళ్లు చెప్పేదే చివరి మాట అని. ఆ రోజుల్లో నిజాం ఒంటరిగా కూర్చుని ఏ ఫర్మానా రాయలేదు, ఢిల్లీ ఒప్పుకున్నదే ఆయన సంతకంతో వచ్చింది. అంటే సైన్యం పాలన ఎలా ముగియాలో ప్రభుత్వం తానే కాగితం మీద పెట్టుకుంది. ఓట్లు పడాలి, సభ కూర్చోవాలి, ఆ సభ అవును అనాలి.

ఆ సభ ఎన్నడూ కూర్చోలేదు.

దానికి ఎన్నికలే జరగలేదు. 1950 జనవరి 26న హైదరాబాద్ ‘బి’ తరగతి రాష్ట్రమైంది, నిన్నటి నిజాం రాజప్రముఖ్ (గవర్నరు లాంటి పదవి) అయ్యాడు, 1956 దాకా ఆ కుర్చీలోనే ఉన్నాడు. మిలిటరీ గవర్నరు స్థానంలో సివిల్ అధికారి ఎం.కె. వెల్లోడి వచ్చి, ముఖ్యమంత్రి అయ్యారు. ఆయనకు ఎవరూ ఓటు వేయలేదు. హైదరాబాద్ నగరంలో చూసేవాళ్లకు మిలిటరీ పాలన అయిపోయినట్టే. వరంగల్, నల్లగొండ ఊళ్లలో క్యాంపులు ఉన్నచోటే ఉన్నాయి.

ఆ సభ ఒక్కసారి కూర్చుని ఉంటే ఫలితం మారేదని నేను అనడం లేదు. భారత్‌లో కలవడానికే ఓటు పడేది, అందులో నాకు ఏ అనుమానం లేదు. కానీ ‘మేం కలిశాం’ అని ఊరి మనిషి తన నోటితో అనేవాడు. ఇవాళ విలీనమా విమోచనా అని ఇంత పంచాయితీ నడవడానికి మూలం అక్కడుంది. కలిసింది ఎవరు? కలిపింది ఎవరు? అడగాల్సిన జనాన్ని అడగలేదు కాబట్టి పార్టీకో పేరు పుట్టుకొచ్చింది.

చివరికి ఆపింది రెండు నిర్ణయాలు కలిసి. 1951 మొదట్లో రాజేశ్వరరావు, బసవపున్నయ్య, డాంగే, అజయ్ ఘోష్ రహస్యంగా మాస్కో వెళ్లి స్టాలిన్‌ను కలిసి వచ్చారు. అక్టోబరు 21న పార్టీ పోరాట విరమణ ప్రకటించింది. అవతల సాధారణ ఎన్నికలు తరుముకొస్తున్నాయి, సిపాయిల కాపలాలో ఓట్లు వేయించడం ఢిల్లీకి కూడా ఇష్టం లేదు. పార్టీ మీద హైదరాబాద్‌లో నిషేధం ఉండటంతో దాని అభ్యర్థులు ప్రజాతంత్ర సంఘటన, అంటే పీడీఎఫ్ పేరుతో నిలబడ్డారు.

1952 ఎన్నికల ఫలితాలు చూడండి. రాష్ట్రం మొత్తం మీద 175 స్థానాల్లో 93 గెలిచి కాంగ్రెస్ ప్రభుత్వం పెట్టింది. పీడీఎఫ్‌కు 42 వచ్చాయి. మరి మిలిటరీ తిరిగిన జిల్లాల్లో? వరంగల్ లోక్‌సభ స్థానం పీడీఎఫ్ అభ్యర్థి పెండ్యాల రాఘవరావుకు దక్కింది, ఓడినవారిలో కాళోజీ నారాయణరావు ఉన్నారు. కరీంనగర్‌లో బద్దం ఎల్లారెడ్డి గెలిచారు, అక్కడ ఓడింది పి.వి. నరసింహారావు. నల్లగొండలో రావి నారాయణరెడ్డికి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు పడ్డాయి. మూడేళ్ల పాటు ఎవరిని వెతికి వెతికి పట్టుకున్నారో వాళ్లకే జనం ఓట్లు వేశారు. ఏ రాజ్యాంగ సభలోనూ అడగని ప్రశ్నకు ఇక్కడి ఊళ్లు ఇచ్చిన జవాబు ఇది అనుకుంటాను.

మార్చి 6న బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రి అయ్యారు. ఆరు నెలలు తిరగలేదు, హన్మకొండలో విద్యార్థులు రోడ్డెక్కారు. మిలిటరీ పాలనలో, వెల్లోడి కాలంలో మద్రాసు, బొంబాయి వైపుల నుంచి అధికారులను, పోలీసులను, టీచర్లను తెచ్చారు. ఉర్దూ దఫ్తర్లలో పనిచేసిన ఇక్కడివాళ్లకు ఇంగ్లీషు రాదన్నారు. సైన్యం పోయింది, దాని వెంట వచ్చిన ఉద్యోగులు ఉండిపోయారు. ముల్కీ సర్టిఫికెట్లు, అంటే ఇక్కడివాడేనని చెప్పే కాగితాలు, అంగట్లో దొరుకుతున్నాయన్న కోపం వరంగల్ బళ్ల నుంచి మొదలై హైదరాబాద్ చేరింది. సెప్టెంబరు మొదటి వారంలో సిటీ కాలేజీ దగ్గర పోలీసులు కాల్చారు, పిల్లలు చనిపోయారు. పోలీసు చర్య జరిగి అప్పటికి ఇంకా నాలుగేళ్లు నిండలేదు. 1969, 2009, 2014 అన్నీ ఆ తీగకు కాసినవే. సైన్యాన్ని పంపినవాళ్లు అది ఏం వదిలి వెళ్లాలో కూడా ముందే అనుకుని ఉంటే, ముల్కీ గొడవ ఇంత త్వరగా రాజుకునేది కాదు.

ఫ్లెక్సీల దగ్గరికి వస్తే, ఆ స్తంభం కింద పొద్దున పోలీసు కానిస్టేబుల్ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఒకరి ఫ్లెక్సీ ఇంకొకరు చింపుతారేమోనని టెన్షన్, అందుకే కాపలా అని చెప్పాడు.

మా చిన్నత్తకు ఆధార్‌లో పుట్టిన తేదీ 1950 జనవరి 1 అని వేశారు. బడి సర్టిఫికెట్ లేనివాళ్లందరికీ అలా ఏదో ఒక జనవరి 1 వేస్తారు. తేదీ తెలుసా అని నమోదు చేసే అబ్బాయి అడిగినప్పుడు ఆమె వాళ్లమ్మ చెప్పిన మాటే చెప్పింది, ‘మిల్ట్రీ దాంట్ల’ అని. ఆ అబ్బాయికి అర్థం కాలేదు. ఏ సంవత్సరం అమ్మా అని మళ్లీ అడిగాడు.