చిన్న పడవకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదా? అపోహలు - వాస్తవాలు

కావలి, బోగోలు, అల్లూరు తీరంలో వేట పడవల రిజిస్ట్రేషన్ ఫైళ్లు తయారుచేసి పెట్టడం నా పని. ‘మాకు మినహాయింపు ఉందంట’ అన్న ఒక్క మాట నమ్మి పాలేల్లో ఎంతమంది నష్టపోతున్నారో ఏటా వేసవిలో చూస్తున్నాను. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: ఇంజిన్ లేని తెప్పకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు.

తుమ్మలపెంటలో ఒక పెద్దాయన, "నిషేధంలో కూడా మా తెప్పల్ని ఆపరు గదా సార్, ఇంక పేపర్లెందుకు?" అని అడిగారు. ఆయన మాటలో సగం నిజముంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉండే 61 రోజుల నిషేధం ఇంజిన్ పడవలకే. తెడ్డుతోనో తెరచాపతోనో నడిచే సంప్రదాయ పడవలకు సడలింపు ఉంది. అయితే ఆ సడలింపు వేటకు మాత్రమే, రిజిస్ట్రేషన్‌కు వర్తించదు.

2008 నవంబరులో ముంబైపై దాడి చేసినవాళ్లు సముద్రంలో ఒక చేపల బోటును పట్టుకుని దాంట్లోనే ముంబై దగ్గరిదాకా వచ్చారు. ఆ దెబ్బతో 2009 నుంచి దేశమంతటా వేట పడవలకు ఒకే తరహా రిజిస్ట్రేషన్ తెచ్చారు. ఇప్పుడు ఈ రిజిస్ట్రేషన్లు జరిగే రియల్‌క్రాఫ్ట్ ఆన్‌లైన్ పోర్టల్‌లో మరబోట్లు, ఇంజిన్ బిగించిన ఫైబర్ బోట్లతో పాటు ఇంజిన్ లేనివాటికీ విడిగా ఒక వర్గం ఉంది.

అపోహ: పదిహేను టన్నుల లోపు పడవలకు చట్టమే మినహాయింపు ఇచ్చింది.

1958 నాటి వాణిజ్య నౌకల చట్టంలో ఆ మాట ఉన్నది నిజమే. అది తీరం వెంబడి మాత్రమే తిరిగే చిన్న ఓడల గురించి. వేట పడవల కోసం అదే చట్టంలో 1983లో వేరే భాగం చేర్చారు. పైగా 2025లో పార్లమెంటు కొత్త చట్టాన్ని ఆమోదించింది. పాత సెక్షన్ జిరాక్సు పట్టుకుని ఆఫీసులో వాదనకు దిగకండి.

అపోహ: ఒకసారి నంబరు వస్తే చాలు.

నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే. తెప్పగా నమోదైన పడవకు రెండేళ్ల తర్వాత ఇంజిన్ బిగిస్తారు, కాగితం మీద మాత్రం అది తెప్పగానే ఉండిపోతుంది. 2019లో లీటరుకు 9 రూపాయలకు పెంచిన డీజిల్ సబ్సిడీ అడగబోతే రికార్డులో ఇంజినే కనపడదు. అప్పుడు ఇంజిన్ నంబరు కోసం వెతుకులాట మొదలవుతుంది. ఉప్పుగాలికి ఆ నంబరు ఉండే రేకు తుప్పు పట్టి అంకెలు మూసుకుపోయి ఉంటాయి. గరుకు కాగితంతో రుద్ది, నూనె గుడ్డతో తుడిచినా 3 ఉందో 8 ఉందో తేలదు. ఇంజిన్ కొన్నరోజే ఆ రేకుకు ఫొటో తీసి, బిల్లుతో కలిపి దాచుకోండి.

రిజిస్ట్రేషన్ వేరు, వేట లైసెన్సు వేరు. రాష్ట్ర సముద్ర వేట నియంత్రణ చట్టం (1994) కింద లైసెన్సు కూడా తీసుకోవాలి, గడువు చూసుకుని రెన్యూవల్ చేయించుకోవాలి.

అపోహ: మన పడవే కాబట్టి ఎవర్నైనా ఎక్కించుకోవచ్చు.

మైపాడు బీచ్‌కి ఆదివారం వచ్చినవాళ్లను డబ్బు తీసుకుని ఫైబర్ బోటులో తిప్పడం చాలా ప్రమాదం. వేట పడవగా ఇచ్చిన రిజిస్ట్రేషన్ వేటకే. యాత్రికుల్ని ఎక్కించుకోవడానికి అనుమతులు వేరు, లైఫ్ జాకెట్ల నుంచి తనిఖీల దాకా నిబంధనలూ వేరు. పసిపిల్లల్ని జాకెట్లు లేకుండా కూర్చోబెట్టుకుని అలల్లోకి తీసుకెళ్లకండి, మీకు దండం పెడతాను.

ఇక వేట నిషేధ కాలానికి ఇచ్చే భృతి సంగతి. ‘మత్స్యకార సేవలో’ పథకం కింద 2025లో కుటుంబానికి 20,000 రూపాయలు ఇచ్చారు. ఆ జాబితాకు పడవ నంబరూ, దాని మీద వేటకెళ్లే కలాసీల పేర్లూ చూస్తారు. యజమాని పేపర్లు పెట్టకపోతే ఆ పడవ మీద బతికే కలాసీల ఇళ్లకూ డబ్బు ఆగిపోతుంది. సర్వే వాళ్లు ఒడ్డుకొచ్చి పడవలు లెక్కపెట్టేటప్పుడు హడావిడి పడితే పని కాదు. ఆధార్, పడవ బిల్లు, ఇంజిన్ బిల్లు, ఫొటోలు తీసుకుని సంక్రాంతి దాటగానే సచివాలయంలో ఫిషరీస్ అసిస్టెంట్‌ను కలవండి. వెళ్లేముందు పడవకు రెండు పక్కలా నంబరుకు కొత్త పెయింట్ వేయించండి.